ఆకాశం కాదు, ఆకాసం

ఆ నగరంలో బస్సెక్కే వాళ్ళెవరికీ ఆమె ముఖం తెలియదు గానీ, ఆమె గొంతు తెలియని వాళ్ళు లేరు. "తర్వాతి స్టాపు పెద్దాసుపత్రి. దిగేవారు ముందుకు రండి. దయచేసి తలుపుల దగ్గర నిలబడకండి" అని పొద్దుటి నుంచి రాత్రి దాకా అలుపు లేకుండా చెప్పే గొంతు ఆమెదే. ఆ సంగతి వీధిలో తెలిసిన నాటి నుంచి ఆమెకు బస్సమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. కూరల బండివాడు కూడా "బస్సమ్మగారూ, టమాటాలు వచ్చేశాయి, దయచేసి ముందుకు రండి" అని కేకేసేవాడు. ఆమె నవ్వేది. ఆ పేరంటే లోలోపల ఇష్టం కూడా ఉండేది.

ఆమె భర్త కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేసేవాడు. నెమ్మదస్తుడు. "ఊరందరికీ దయచేసి అంటావు, నా దగ్గరికొచ్చేసరికి ఆ ఒక్క మాటా రాలిపోతుంది" అని ఆటపట్టించేవాడు. వాళ్ళిద్దరితో పాటు ఆ ఇంట్లో ఆమె తల్లి ఉండేది. రైలు పెట్టెలు కడిగే పనిలో వయసంతా గడిపిన మనిషి. నడుము వంగిపోయినా, ఊరికే కూర్చోవడం ఆవిడకు చేతకాదు.

బస్సమ్మ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. ఆమె పెరిగింది రైలు యార్డు వెనక రేకుల ఇళ్ళ బస్తీలో. అక్కడ మాట వేరు. ఒత్తులు ఉండవు, 'శ'లూ 'ష'లూ అన్నీ 'స'లైపోతాయి, ప్రతి మాట చివరా ఒక సాగదీత. బడిలో చేరిన కొత్తలో పాఠం చదవమంటే "ఆకాసంలో సుక్కలు" అంది. తరగతంతా గొల్లుమంది. టీచరు మళ్ళీ చదవమంది, మళ్ళీ నవ్వారు. ఇంకోసారి చదవమంది. ఆ ఏడంతా పిల్లలు ఆమెను ఆకాసం అనే పిలిచారు. అప్పుడు పట్టింది పంతం. పక్కింటి రేడియో ముందు కూర్చుని, వార్తలు చదివే ఆవిడ ఎలా పలికితే అలా పలికి, పలికి, చివరికి ఆ రేడియో ఆవిడే ఈమె దగ్గర నేర్చుకోవాలన్నంత శుభ్రంగా తయారైంది. కాలేజీకొచ్చేసరికి ఆమెది ఏ పేటో చెప్పగలిగిన వాళ్ళు లేరు. డబ్బింగులోకి వచ్చాక, బ్యాంకు ఫోన్లలో "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అన్నా, కార్టూన్లలో ఉడుతలా కిచకిచలాడినా, మందుల ప్రకటనలో మోకాళ్ళ నొప్పి గురించి బాధపడినా, ఒక్క 'శ' కూడా జారేది కాదు.

తల్లి మాట మాత్రం మారలేదు. మార్చుకోవాలని ఆవిడకు తోచనూ లేదు.

ఒకసారి స్టూడియో నుంచి ఫోనొస్తే బస్సమ్మ స్నానంలో ఉంది. తల్లి ఎత్తింది. "మా అమ్మాయి నీళ్ళోసుకుంటాంది, నిమిసం ఆగి చెయ్యండి" అంది. తర్వాత బస్సమ్మ తిరిగి ఫోన్ చేసినప్పుడు అవతలి వాళ్ళు, "ఇందాక ఎత్తిందెవరండీ?" అని అడిగారు. "పనావిడ" అంది బస్సమ్మ. నోట్లోంచి మాట ఎలా జారిందో ఆమెకే తెలియదు. తల్లి అక్కడే నేల మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది. కత్తి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఫోను ఎంత మోగినా ఆవిడ ఎత్తలేదు. ఆ విషయం గురించి తల్లీకూతుళ్ళు ఒక్క మాటైనా అనుకోలేదు.

ఇలా ఉండగా ఆమెకు అంతరిక్ష లిఫ్టు డాక్యుమెంటరీ వచ్చింది.

స్టూడియో అంటే పెద్ద హంగేమీ లేదు. ఒక పాత భవనంలో మెట్ల కింద గది. గోడలనిండా మెత్తలు, మధ్యలో మైకు, గాజు తలుపుకు అవతల మీటలు కదుపుతూ సౌండాయన. ఆ రోజు ఆయన పక్కన డైరెక్టరమ్మ కూర్చుని ఉంది. వయసులో చిన్నది. జుట్టు నెత్తి మీదికి ముడేసుకుని, నిద్రలేని కళ్ళతో, చేతిలో చల్లారిపోయిన టీ కప్పుతో.

"భూమ్మీద నుంచి అంతరిక్షంలోకి తాడు కట్టి, దాని మీద లిఫ్టు నడిపిస్తారట అక్కా" అని మొదలుపెట్టింది. "ఇంకా తాడు తయారుచేసే దశలోనే ఉన్నారు. రెండేళ్ళుగా దాని మీదే తీస్తున్నా. మొదటిసారి అంతా అతికించి చూసుకుంటే నాకే సిగ్గేసింది. మాట్లాడేవాళ్ళందరూ మగవాళ్ళే. ఒకే కాలేజీలో చదివి, ఒకే టైలరు దగ్గర కోట్లు కుట్టించుకున్నట్టున్నారు. తాడు అల్లేది చూస్తే అందరూ ఆడవాళ్ళు. ఒక్కరూ లేరు నా సినిమాలో! పోట్లాడి మళ్ళీ ఆ తాళ్ళ షెడ్డుకెళ్ళి అక్కడ ఒకావిడ్ని తీశాను. డబ్బిచ్చే సంస్థవాళ్ళకి కూడా ఇప్పుడు అన్ని రకాల మనుషులూ కనబడాలట. ఈ సీను వాళ్ళకి బాగా నచ్చింది. ఒక్కటే చిక్కు."

సౌండాయన బొమ్మ వేశాడు.

పొడవాటి షెడ్డు. బల్లల మీద ఆ తాడే, అరచేతి వెడల్పు నల్లటి పట్టీగా, మెరుస్తూ, ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుని ఉంది. దాని ముందు నీలం కోటు వేసుకున్న ఒక ఆడమనిషి. బాగా పొడగరి. బల్ల అందరికీ నడుము దాకా వస్తే ఆమెకు తొడల దాకానే. ఆమె చేసే పని పట్టీ ముక్కల చివరలు కలిపి అతుకు వేయడం. అతుకు మీద చెయ్యి తీయకుండానే కెమెరా వైపు తిరిగి మాట్లాడింది.

"ఈ పట్టీ ఆకాసం దాకా పోతుందంటారు. ఒక్క అతుకు తేడా వచ్చినా పైకి పోయిన మనిసి కిందికి రాడు. అందుకే పని చేసేటప్పుడు నిమిసం కూడా అటూ ఇటూ చూడం. మేం అల్లిన తాడు మీద ఎవరెక్కుతారో మాకు తెలీదు. మమ్మల్ని మాత్రం ఎక్కించరని తెలుసు."

అని, ముక్కుతో హుమ్మని ఒక చిన్న నవ్వు నవ్వింది. మూతి ఒక పక్కకే లేచింది.

బస్సమ్మ వెంటనే గుర్తుపట్టింది. అది యార్డు వెనక మాట. ఆ సాగదీత, ఆ 'స', చివర్న ఆ ముక్కు నవ్వు. ఇంట్లో పొద్దున తను విని వచ్చిన మాటే.

"చూశారుగా?" అంది డైరెక్టరమ్మ. "యాస ఎక్కువైపోయింది. జనానికి అర్థం కాదంటున్నారు. మీకెంతవరకు అర్థమైంది?"

మొత్తం అర్థమైందని చెప్పవచ్చు. అందులో అర్థం కానిదేముందని అడగవచ్చు. బస్సమ్మ హెడ్‌ఫోన్ సరిచేసుకుంటూ, "కొంచెం కష్టమే" అంది.

"పైగా ఆ చివరి మాట. అది చేదుగా ఉందట పైవాళ్ళకి. తీసెయ్యమన్నారు. అది తీసేస్తే సీను మధ్యలో తెగినట్టుంటుంది, ఆ సాకుతో మొత్తం లేపేస్తారు. మళ్ళీ కోట్లవాళ్ళే మిగులుతారు. మాట మారిస్తే మనిషన్నా మిగులుతుంది కదా అని..." డైరెక్టరమ్మ టీ కప్పులోకి చూస్తూ అంది. కాగితం మీద రాసిచ్చిన కొత్త మాట, 'ఈ పనిలో భాగమైనందుకు ఎంతో గర్వపడుతున్నాం' అని.

డబ్బింగు చేసేవాళ్ళకు ప్రాణం పెదవుల మీద ఉంటుంది. తెర మీద పెదాలు కలిసినప్పుడు ప, బ, మ పడాలి. కలవనప్పుడు పడకూడదు. రాసిచ్చిన మాట ఎన్నిసార్లు చెప్పినా పొసగలేదు. పెదాలు తెరిచి ఉన్నచోట 'భాగ'మొచ్చేది, మూసుకున్నచోట ఏమీ లేదు. సౌండాయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. డైరెక్టరమ్మ కాగితం మీద కొట్టివేతలు పెరిగాయి.

ఇక్కడే బస్సమ్మ ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ చేతిలో ఉన్న విద్య మనిషిని ఊరుకోనివ్వదు. అద్దాలు అరగదీసేవాడికి గరుకు కనబడితే చెయ్యి దురద పెట్టినట్టే ఇదీను. ఆమె ఆ పెదాలనే చూస్తూ, ఆ మాటనే గొణుక్కుంటూ ఉండగా ఠక్కున తట్టింది.

"అంతా మార్చక్కర్లేదు" అంది మైకులోంచి. "ఒక్క మాట మారిస్తే చాలు. 'మమ్మల్ని మాత్రం ఎక్కించరని తెలుసు' కదా. 'మమ్మల్ని మాత్రం తలుస్తారని తెలుసు' అందాం. అక్షరాలు కూడా సరిపోతాయి."

గాజుకు అవతల ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సౌండాయన బొటనవేలెత్తి చూపించాడు. డైరెక్టరమ్మ లేచి చప్పట్లు కొట్టింది. ఒక్క టేకులో అయిపోయింది. ఆ ముక్కు నవ్వు స్థానంలో కూడా బస్సమ్మే నవ్వింది, తృప్తిగా, కడుపునిండిన ఇల్లాలిలా.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఆమెకు సంతోషంగానే ఉంది. అదే తర్వాత ఆమెను ఎక్కువగా తినేసింది. ఆ రోజు నిజంగానే సంతోషపడింది.

మొదటి ప్రదర్శన ఆ పరిశోధన సంస్థ వాళ్ళ హాల్లో పెట్టారు. గుమ్మం బయట ఒక నిలువెత్తు పోస్టరు. కోట్లవాళ్ళు చిన్నగా వెనక, ముందు నీలం కోటులో ఆ పొడుగావిడ. కింద 'ఈ తాడు అందరిదీ' అని పెద్ద అక్షరాలు. బస్సమ్మకు ఆహ్వానం వచ్చింది. తల్లి తనూ వస్తానంది. "నువ్వు పలికిన సినిమా ఒక్కటన్నా పెద్ద తెర మీద చూడొద్దూ?" అంది. కాదనలేక తీసుకెళ్ళింది గానీ, దారిలో, "అక్కడ పెద్దపెద్ద వాళ్ళుంటారమ్మా, ఎవరన్నా పలకరిస్తే నవ్వి ఊరుకో" అని చెప్పింది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఊఁ" అంది. వెంట వచ్చిన భర్త అత్తగారి పక్కకు జరిగి కూర్చున్నాడు.

మూడో వరసలో కూర్చున్నారు. పక్కగా, గోడవారన, షెడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక గుంపుగా ఉన్నారు. వాళ్ళ మధ్య అందరికన్నా ఒక తల ఎత్తుగా ఆ పొడుగావిడ. వాళ్ళు ఆమెను పొడుగక్క అని పిలుస్తున్నారు. ఉతికి మడతలు విప్పిన కొత్త బట్టలు. ఎవరో ఆమె జడ సర్దుతున్నారు. ఆమె సిగ్గుపడుతూ వాళ్ళ చేతులు తోసేస్తోంది.

సినిమా బాగానే సాగింది. కోట్లవాళ్ళు గోడ మీద గీతలు గీసి చూపించారు. సముద్రం, మబ్బులు, చీకట్లో తేలే భూగోళం. తర్వాత షెడ్డు వచ్చింది. గోడవార నుంచి ఆడవాళ్ళు, "అదుగో అదుగో!" అన్నారు. తెర మీద పొడుగక్క కెమెరా వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఈ పట్టీ ఆకాశం దాకా పోతుందంటారు..."

వెనక వరసల్లోంచి ఎవడో కుర్రకుంక ముక్కుతో, "దయచేసి తలుపుల దగ్గర నిలబడకండి" అన్నాడు.

అంతే. హాలంతా నవ్వింది. చెడ్డగా కాదు, సరదాగానే నవ్వారు. రోజూ బస్సులో వినే గొంతు తాళ్ళ షెడ్డులో వినబడితే ఎవరికైనా నవ్వొస్తుంది. సినిమా మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా, ఆ నవ్వుల మధ్యే "మమ్మల్ని మాత్రం తలుస్తారని తెలుసు" అన్నది కూడా వెళ్ళిపోయింది. బస్సమ్మ పక్కకు చూసింది. చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. పొడుగక్క రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది, తెర మీది నోటిని మూయలేక తన నోరు మూసుకున్నట్టు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో కొందరు నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నారు.

"అదేందే" అంది తల్లి, గుసగుస ఆవిడకెప్పుడూ రాదు, "ఆ అమ్మాయి నోట్లో నీ గొంతుందేంది? ఆమెకి గొంతు లేదా?"

"తర్వాత చెప్తానమ్మా."

సినిమా అయ్యాక వేదిక మీద చర్చ. అందరికీ చోటు కల్పించడం గురించి ఒక పెద్దమనిషి చక్కగా మాట్లాడాడు. పొడుగక్కను పైకి పిలిచి మైకు చేతికిచ్చి, మీ అనుభవం చెప్పమ్మా అన్నారు. ఆమె మైకును కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"అది నా నోరే" అంది చివరికి. "మాట నాది కాదు."

మైకు తిరిగిచ్చేసి దిగిపోయింది. వేదిక మీది పెద్దమనిషి కంగారుపడి, ఎంత వినయమో చూశారా అన్నాడు. చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్ల ఊపులో, "ఆ అందమైన గొంతు యజమాని కూడా మన మధ్యే ఉన్నారు, ఒక్కసారి లేచి నిలబడాలి" అన్నాడు.

బస్సమ్మ లేచి నిలబడింది. కాళ్ళు వాటంతటవే లేచాయి. అలవాటు కొద్దీ చేతులు జోడించింది, అలవాటు కొద్దీ నవ్వింది. గోడవారన నడుస్తున్న పొడుగక్క ఆగి, తలతిప్పి, ఆమెను పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది. అందులో కోపం కూడా లేదు. సంతలో పోయిన తన చీర ఇంకెవరి ఒంటి మీదో కనబడితే, అవునా కాదా అని చూసే చూపు అది.

మర్నాడు వంటింట్లో తల్లి ఆమెను మళ్ళీ అడిగింది. ఈసారి బస్సమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. మారిన మాట గురించీ చెప్పింది. ఆ మాట ఎవరు కనిపెట్టారో మాత్రం చెప్పలేదు. తల్లి విని, పొయ్యి మీది గిన్నె దించి పక్కన పెట్టింది.

"ఆమె ఏమంటాంది మరి?"

"ఏమంటుంది? అయిపోయిందిగా. ఊరుకుంటుంది."

"నువ్వు నన్ను పనావిడ అన్నప్పుడు నేను ఊరుకున్నా" అంది తల్లి, గొంతు ఏమాత్రం పెంచకుండా. "నిన్ను కన్నదాన్ని గనక ఊరుకున్నా. ఆమెకేం కర్మ, ఊరుకోవడానికి?"

ఇన్నాళ్ళూ తల్లికి ఆ మాట వినబడలేదేమో, వినబడినా మరిచిపోయిందేమో అని తనను తాను మభ్యపెట్టుకుంటూ వచ్చింది బస్సమ్మ. పీట మీద కూలబడింది. ఏడవాలనుకుంది గానీ, ఏడిస్తే తల్లే వచ్చి ఓదార్చాలి. అది ఇంకా సిగ్గు. అందుకని ఏడుపు కూడా మింగేసింది.

ఆ వారంలోనే తాళ్ళ షెడ్డుకు వెళ్ళింది. షిఫ్టు వదిలే వేళ. గేటు దగ్గర కాపలా మనిషి ఎవరు కావాలని అడిగితే, ఆమె నోరు తెరిచిందో లేదో, "ఓహో, బస్సు మేడమా!" అని లేచి నిలబడ్డాడు. లోపలి నుంచి ఆడవాళ్ళు గుంపులుగా వస్తున్నారు. వాళ్ళలో ఎవరో పొడుగక్కను చూసి, "తర్వాతి స్టాపు!" అని అరిచారు. మిగతావాళ్ళు నవ్వారు. పొడుగక్క నవ్వలేదు. కొత్తగా పెట్టిన పేరని తెలుస్తూనే ఉంది.

బస్సమ్మ ఎదురుగా వెళ్ళి, "అక్కా, ఒక్క నిమిషం" అంది.

"ఏందమ్మా? ఇంకా ఏమన్నా చెప్పాలా నేను?"

"క్షమాపణ అడుగుదామని వచ్చాను."

"నువ్వు కూలి పని చేసుకునేదానివి, నేనూ అంతే. వాళ్ళు చెప్పమన్నది చెప్పావు. నిన్నని ఏం లాభం?" పొడుగక్క పక్కకు తప్పుకోబోయింది. "ఇంట్లో మా ఆయన ఒకటే నవ్వు. నువ్వింత బాగా మాట్లాడతావని తెలిస్తే రోజూ వినేవాణ్ణి అంటాడు. పోనీలే. వాళ్ళకి మా బాస అర్తం కాలేదంట."

అక్కడితో వదిలేస్తే క్షమించినట్టే అయ్యేది. బస్సమ్మకు ఆ క్షమ ఒంటికి పట్టలేదు.

"నాకు అర్తమైంది అక్కా" అంది. ఎన్నో ఏళ్ళ తర్వాత బయటి మనిషి ముందు ఆమె నాలుక వదులైంది. "మాది రైలు యార్డు వెనక. నేనూ ఆకాసం అన్నదాన్నే. నువ్వన్న ప్రతి మాటా తెలిసింది. ఆ చివరి మాట మార్చింది కూడా నేనే. వాళ్ళకి తట్టలేదు, నేనే చెప్పా."

పొడుగక్క ముఖంలో ఏదో మెత్తబడుతుందని ఆమె ఆశపడిందేమో. అలా జరగలేదు. ఆ పొడవాటి మనిషి కొంచెం వంగి, ఆమె కళ్ళలోకి చూసింది.

"మా మనిసివా నువ్వు?"

"అవును."

"అయితే మరీ గోరం" అంది పొడుగక్క. "తెలీని వాళ్ళు చేస్తే తెలీక చేశారనుకున్నా. ఈ నాలుగు రోజులూ అట్లా సరిపెట్టుకున్నా. నువ్వు తెలిసి చేశావన్నమాట."

సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర జనమంతా ఖాళీ అయ్యేదాకా బస్సమ్మ అక్కడే నిలబడింది.

తిన్నగా డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. టీవీలో రావడానికి సినిమాకు తుదిమెరుగులు దిద్దుతున్నారు. సౌండాయన కూడా అక్కడే ఉన్నాడు.

"నా గొంతు తీసెయ్యండి" అంది బస్సమ్మ.

"అదేంటక్కా?"

ఆమె యార్డు మాటలోనే చెప్పింది. మొదటి వాక్యానికి సౌండాయన చెవిలోంచి హెడ్‌ఫోన్ తీసేశాడు. "ఇది మా అమ్మ బాస. ఆ రోజు నువ్వు ఎంత అర్తమైందని అడిగితే అబద్దం చెప్పా. మొత్తం అర్తమైంది. నీకు మాత్రం ఏం అర్తం కాలేదమ్మా అందులో? ఆకాసం తెలీదా? మనిసి తెలీదా?"

డైరెక్టరమ్మ ముఖం ఎర్రబడింది. "నాకూ అర్థమైందక్కా" అంది చిన్నగా. "తీసినప్పుడే అర్థమైంది. ఆవిడ అలా అంటుందనే ఆవిడ దగ్గరికెళ్ళాను. తర్వాత... ఆ పదం మీరే చెప్పారు కదా అని నాకు నేను చెప్పుకున్నా."

"అవును. నేనే చెప్పా."

ఒకరినొకరు చూడలేక, ఇద్దరూ తెర వైపు చూశారు. అందులో పొడుగక్క నోరు సగం తెరిచి ఆగిపోయి ఉంది.

అసలు శబ్దం భద్రంగానే ఉంది. అది మళ్ళీ పెట్టడానికి సౌండాయనకు ఎక్కువ సేపు పట్టదు. పట్టింది పైవాళ్ళను ఒప్పించడానికి. డైరెక్టరమ్మ తిరిగింది, బతిమాలింది, ఒకచోట ఏడ్చిందని కూడా విన్నారు. బస్సమ్మ తన గొంతు వాడవద్దని వాళ్ళ ముఖం మీదే చెప్పి వచ్చింది. చివరికి పైవాళ్ళు ఒక దారి చూపించారు. ఆమె మాట ఆమె గొంతులోనే ఉండనివ్వండి, చివరి వాక్యం మాత్రం కోసెయ్యండి. కింద అక్షరాలు వేసి అర్థం కూడా చెప్పండి. అటు బస్సమ్మ కనిపెట్టిన మాటా పోయింది, ఇటు పొడుగక్క అన్న మాటా పోయింది. ఇంతకన్నా కుదరదన్నారు.

ఇది మంచో చెడో బస్సమ్మకు తేలలేదు. సగం తిరిగిచ్చిన దొంగను దొర అనరు కదా అనుకుంది. స్టూడియో నుంచి ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. ఎందుకని ఆమె అడగలేదు.

టీవీలో రావడానికి ముందు షెడ్డులోనే గోడకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేశారు. డైరెక్టరమ్మ పట్టుబట్టి ఏర్పాటు చేసింది. ముందు కుర్చీల్లో కోట్లవాళ్ళు, వెనక పనిబల్లల మీదా, నేల మీదా ఆడవాళ్ళు. బస్సమ్మ రానంది. తల్లి చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. "పద" అంది. వెళ్ళక తప్పలేదు. ఈసారి దారిలో తల్లికి ఏ జాగ్రత్తా చెప్పలేదు. అన్నింటికన్నా వెనక, తలుపు పక్కన నిలబడ్డారు.

పొడుగక్క తెర మీద నోరు తెరిచింది. "ఈ పట్టీ ఆకాసం దాకా పోతుందంటారు..."

ఎవరూ నవ్వలేదు. కింద అక్షరాలు వచ్చాయి. ఎవరూ చదవలేదు, అవసరం లేదు వాళ్ళకు. "నిమిసం కూడా అటూ ఇటూ చూడం" అన్నదాకా వచ్చి, బొమ్మ టక్కున సముద్రం మీదికి మారిపోయింది. కత్తెర పడిన చోటు అది.

నేల మీద కూర్చున్న పొడుగక్క పక్కనున్న వాళ్ళ వైపు వంగి, తెర మీద తెగిన మాటను మెల్లగా పూర్తి చేసింది. వాళ్ళు ఫక్కుమన్నారు. వాళ్ళు తమ వెనక వాళ్ళకు చెప్పారు. ఆ మాట చెవి నుంచి చెవికి, బల్ల నుంచి బల్లకు వెళుతూ, వెళ్ళినచోటల్లా ముక్కుతో ఒక చిన్న నవ్వు పుట్టిస్తూ పోయింది. ముందు కుర్చీల్లోవాళ్ళు ఏమైందోనని వెనక్కి తిరిగి చూశారు. సముద్రంలో నవ్వొచ్చేదేమీ కనబడక మళ్ళీ ముందుకు తిరిగారు. ఆ మాట చిట్టచివరికి తలుపు దాకా వచ్చింది. బస్సమ్మ ముందు నిలబడి ఉన్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, ఆమెను గుర్తుపట్టి, చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత పక్కకు జరిగి, ఆమె తల్లి చెవిలో చెప్పింది. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పొట్ట కదిలేలా నవ్వింది.

లైట్లు వేశాక అందరూ చప్పట్లు కొట్టారు. బస్సమ్మ చేతులు పైకి లేవలేదు. కొట్టడానికి తనకు హక్కు లేదనిపించింది, కొట్టకపోతే అసూయ అనుకుంటారేమో అనీ అనిపించింది. ఆ మీమాంసలో ఉండగానే చప్పట్లు అయిపోయాయి.

జనం కదులుతుంటే పొడుగక్క అటుగా వచ్చింది. తన కోసమే అనుకుని బస్సమ్మ ఒకడుగు ముందుకేసింది. కానీ పొడుగక్క ఆగింది తల్లి దగ్గర.

"యార్డు వెనకా మీది?"

"వెనకే అమ్మా. నీళ్ళ ట్యాంకు పక్కన మూడో వరస. పెట్టెలు కడిగేదాన్ని."

"మా పెద్దమ్మ కూడా పెట్టెలే కడిగింది! ఎడంచెయ్యి వాటం మనిసి, బాగా లావు..."

"ఓసి, ఆమె మీ పెద్దమ్మా? మేమిద్దరం ఒకే బకెట్టుతో చేశాం కదే!"

ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. ఎవరు పోయారో, ఎవరున్నారో, ఏ ఇంటి రేకులు గాలికి ఎగిరిపోయాయో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, అడుగుతున్న కొద్దీ కొత్తవి పుట్టుకొచ్చాయి. తల్లి అంత గట్టిగా, అంత వేగంగా మాట్లాడటం బస్సమ్మ ఎన్నో ఏళ్ళుగా వినలేదు. వాళ్ళు మాట్లాడే ప్రతి మాటా ఆమెకు తెలుస్తోంది. మధ్యలో ఒకటి రెండుసార్లు తనకూ గుర్తున్నదేదో చెప్పబోయింది. నోరు తెరిచి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక మూసుకుంది. పొడుగక్క ఆమె వైపు చూడలేదు. పొమ్మననూ లేదు.

తల్లి చేతిసంచి కింద పెట్టేసి మాటల్లో పడిపోయింది. బస్సమ్మ వంగి, ఆ సంచి తీసి పట్టుకుని, వాళ్ళ మాటలు అయ్యేదాకా పక్కనే నిలబడింది.